అమెరికాలో క్యాథలిక్ గర్ల్స్ హైస్కూల్: కట్టే ఫీజుకు ఏమొస్తుంది, ఏం చేజారుతుంది

ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఉన్న తెలుగు కుటుంబాలు క్యాథలిక్ గర్ల్స్ హైస్కూల్ గురించి ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు. మతం మార్చేస్తారా? అబ్బాయిల గొడవ ఉండదు కదా? రెండింటికీ పెద్దగా బెంగపడక్కర్లేదు. మొదటిదానికి జవాబు, మార్చరు. రెండోదానికి, లోపల ఉండదు, గేటు బయట ఎప్పటిలాగే ఉంటుంది. అసలు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. టైంటేబుల్లో మీ అమ్మాయికి నచ్చిన సబ్జెక్టుకు చోటు మిగులుతుందా, లెక్కల్లో ఏ మెట్టు మీద కూర్చోబెడతారు, మీరు సంతకం పెట్టే కాంట్రాక్టులో ఏ తేదీ రాసి ఉంది. బడి నచ్చి చేరినవాళ్లు కూడా రెండో ఏడు తిరక్కుండా ఇబ్బంది పడేది ఈ మూడింటి దగ్గరే.

ఇది ఏదో ఒక బడి మీద సమీక్ష కాదు. 9 నుంచి 12వ తరగతి దాకా అమ్మాయిలకు మాత్రమే నడిచే క్యాథలిక్ ప్రైవేటు బడులు అమెరికాలో ఎలా పనిచేస్తాయో, ఏది బాగుంటుందో, ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పే ప్రయత్నం.

మన ఊళ్ల కాన్వెంటు గుర్తున్నవాళ్లు ముందు ఆ బొమ్మను పక్కన పెట్టాలి. సిస్టర్లు క్లాసులో పాఠాలు చెప్పే రోజులు ఇక్కడ ఎప్పుడో పోయాయి. క్యాథలిక్ బడుల సిబ్బందిలో నూటికి 95 మందికి పైగా మామూలు ఉద్యోగస్తులే. విద్యార్థుల్లోనూ దేశం మొత్తం మీద సుమారు ఐదో వంతు క్యాథలిక్కులు కానివాళ్లే. ముసుగేసుకున్న ప్రిన్సిపల్ మేడమ్‌ను చూద్దామని ఓపెన్ హౌస్‌కు వెళ్తే, స్పోర్ట్స్ జాకెట్ వేసుకున్న లెక్కల టీచర్ ఎదురొస్తారు.

యాజమాన్యం మాత్రం తప్పకుండా కనుక్కోవాలి. కొన్ని బడులు డయోసీస్‌వి, అంటే ఆ ప్రాంతపు బిషప్ ఆఫీసు కింద నడిచేవి. కొన్ని సిస్టర్ల సభలు పెట్టినవి. ఉర్సులిన్ సిస్టర్లు న్యూ ఆర్లీన్స్‌లో 1727లో మొదలుపెట్టిన బడి ఇంకా నడుస్తోంది. డాలస్‌లోని ఉర్సులిన్ అకాడమీ 1874 నాటిది, శాన్ హోసేలోని నోటర్‌డామ్ 1851 నాటిది, వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విజిటేషన్ 1799 నాటిది. సభల బడులకు సాధారణంగా సొంత బోర్డు, పూర్వ విద్యార్థినుల విరాళాలు, మంచి ల్యాబులు ఉంటాయి, దానికి తగ్గట్టే ఫీజూ ఉంటుంది. డయోసీస్ బడిలో ఫీజు తక్కువ. కాని పిల్లల సంఖ్య పడిపోతే పక్కనున్న అబ్బాయిల బడితో కలిపేసే నిర్ణయం, మూసేసే నిర్ణయం పైనుంచి వస్తుంది. గత ఇరవై, ముప్పై ఏళ్లలో ఇలా కలిసిపోయిన, మూతపడిన గర్ల్స్ స్కూళ్లు తక్కువేమీ కాదు. అందుకని ఒక్క అంకె అడగండి: గత నాలుగేళ్లలో తొమ్మిదో తరగతిలో ఏ ఏడు ఎంతమంది చేరారు? వరుసగా తగ్గుతూ వస్తుంటే, కొత్త ఆడిటోరియం ఫోటోలు ఎన్ని చూపించినా మీ అమ్మాయి పన్నెండో తరగతి అక్కడే పూర్తవుతుందన్న నమ్మకం పెట్టుకోలేం.

పీరియడ్ల లెక్క

చేరేముందు కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క ఇది. బడిలో ఏడాదికి 7 కోర్సులు తీసుకోనిస్తారనుకుందాం. నాలుగేళ్లకు 28 గళ్లు. ఇంగ్లిష్‌కు 4, థియాలజీకి (క్యాథలిక్ మత పాఠాలకు) 4, లెక్కలకు 4, సైన్స్‌కు 4, సోషల్‌కు 3, విదేశీ భాషకు 3, ఫైన్ ఆర్ట్స్‌కు 1, పీఈ-హెల్త్‌కు 1. అక్కడికి 24 నిండాయి. మిగిలినవి 4. పబ్లిక్ స్కూల్లో ఇదే లెక్కలో థియాలజీ ఉండదు కాబట్టి 8 మిగులుతాయి. అంటే అమ్మాయి చేతిలో ఉన్న సొంత ఎంపిక సగానికి సగం తగ్గుతుంది. వయొలిన్ వాయించే అమ్మాయి నాలుగేళ్లూ ఆర్కెస్ట్రాలో ఉంటానంటే, ఫైన్ ఆర్ట్స్ గడి అందులో కలిసిపోగా మిగిలేది ఒక్కటి. కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్, రెండో సైన్స్ ఏపీ (కాలేజీ స్థాయి కోర్సు), మూడూ ఆ ఒక్క గడి కోసం కొట్టుకుంటాయి. 6 కోర్సులే ఉండే బడిలో అయితే మిగిలేది సున్నా.

దీనికి దారులు లేకపోలేదు. పీఈ-హెల్త్ వేసవిలో పూర్తి చేయనిస్తారా, స్కూల్ టీములో ఆడితే పీఈ మాఫీ చేస్తారా, ఉదయం మొదటి గంటకు ముందు ఇంకో క్లాసు నడుపుతారా అని అడగాలి. ఏడాదికి 8 కోర్సులు తీసుకోనిచ్చే బ్లాక్ షెడ్యూలు ఉంటే ఈ తలనొప్పి చాలావరకు తీరుతుంది.

ఇంకో చిక్కు చిన్న బడులన్నింట్లో ఉంటుంది. మొత్తం 400, 500 మంది అమ్మాయిలున్న చోట ఏపీ ఫిజిక్స్ సి, ఏపీ కంప్యూటర్ సైన్స్ ఏ, క్యాలిక్యులస్ బీసీ లాంటివి ఒక్కో సెక్షనే ఉంటాయి. ఆ రెండూ మూడూ ఒకే పీరియడ్‌లో పడితే ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. బడి ఇచ్చే కోర్సుల పుస్తకంలో అన్నీ కనిపిస్తాయి, కాని పదిమంది కూడా చేరలేదని ఆ ఏడాది నడపని కోర్సు పేరును అందులోంచి ఎవరూ తీసేయరు. కోర్సుల పుస్తకం పక్కన పెట్టి, ఈ సంవత్సరం మాస్టర్ షెడ్యూల్ చూపించమనండి. ఏ ఏపీ నిజంగా నడుస్తోంది, ఎన్ని సెక్షన్లు, ఏ పీరియడ్‌లో అన్నది ఒక్క పేజీలో తేలిపోతుంది. చూపించడానికి అడ్మిషన్ ఆఫీసు నీళ్లు నమిలితే అది కూడా జవాబే.

లెక్కల మెట్టు

మన పిల్లలకు ఎక్కువగా తగిలే దెబ్బ ఇక్కడే. మంచి పబ్లిక్ మిడిల్ స్కూల్లో ఏడో తరగతిలో ఆల్జీబ్రా 1, ఎనిమిదిలో జామెట్రీ చేసిన అమ్మాయి తొమ్మిదిలో ఆల్జీబ్రా 2లో కూర్చోవాలి. క్యాథలిక్ హైస్కూల్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది పారిష్ (స్థానిక చర్చి) బడుల నుంచి వస్తారు, అక్కడ ఎనిమిదికి ఆల్జీబ్రా 1 అయితేనే గొప్ప. కాబట్టి బడి తన సొంత ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టి, అందులో వచ్చినదాన్ని బట్టే మెట్టు నిర్ణయిస్తుంది. మిడిల్ స్కూల్ రిపోర్టు కార్డులో ఏ గ్రేడు ఉన్నా పట్టించుకోదు. ఈ పరీక్ష మార్చి-మే మధ్యలో, సీటు ఖాయమయ్యాక ఉంటుంది. సీటు వచ్చేసిందన్న ధీమాతో ఏ తయారీ లేకుండా వెళ్లి, క్యాలిక్యులేటర్ లేకుండా కారణాంకాలు, రెండు చరరాశుల సమీకరణాలు, వర్గమూలాల సరళీకరణ చేయలేక, ఏడాది కిందే చదివిన కోర్సులో మళ్లీ కూర్చునే పిల్లలుంటారు.

తయారీ పెద్ద పనేమీ కాదు. ఫిబ్రవరి నుంచి వారానికి రెండు గంటలు, ఆల్జీబ్రా 1 మొత్తం, చేత్తో, మెట్లన్నీ రాస్తూ. బహుళైచ్ఛిక ప్రశ్నలకు అలవాటుపడిన పిల్లలు జవాబు సరిగ్గా పెట్టినా మెట్లు చూపించక మార్కులు పోగొట్టుకుంటారు. ఒకవేళ కింది మెట్టు ఇస్తే, ఆగస్టులో మళ్లీ రాసే అవకాశం ఉందా అని వెంటనే అడగండి, క్లాసులు మొదలయ్యాక మార్చడం దాదాపు అసాధ్యం.

పైకి కూడా చూసుకోవాలి. తొమ్మిదిలో ఆల్జీబ్రా 2, పదిలో ప్రీక్యాలిక్యులస్, పదకొండులో క్యాలిక్యులస్ అయిపోతే పన్నెండులో ఏముంది? స్టాటిస్టిక్స్ దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. దాన్ని దాటి మల్టీవేరియబుల్ క్యాలిక్యులస్ చిన్న గర్ల్స్ స్కూళ్లలో అరుదు. కమ్యూనిటీ కాలేజీలో చేసుకోనిస్తారా, చేస్తే ఆ గ్రేడు ట్రాన్స్‌క్రిప్ట్ మీద పడుతుందా, జీపీఏలో కలుస్తుందా అన్నది ఈమెయిల్లో రాయించుకోండి. నోటిమాటగా సరే అన్న కౌన్సిలర్ రెండేళ్లకు ఆ బడిలో ఉండకపోవచ్చు.

థియాలజీ, పూజ, రిట్రీట్

థియాలజీ నాలుగేళ్లూ తప్పనిసరి. మినహాయింపు అడిగి లాభం లేదు, ఆ షరతుకు ఒప్పుకునే సంతకం పెడతారు. అమెరికా బిషప్పుల సభ 2007లో ఆమోదించిన పాఠ్య ప్రణాళికలో ఆరు ప్రధాన సెమిస్టర్లు, రెండు ఎంపిక సెమిస్టర్లు ఉన్నాయి. మొదట బైబిలు, క్రీస్తు ఎవరన్న పాఠాలు, తర్వాత రక్షణ, శ్రీసభ (క్యాథలిక్ చర్చి), ఆ తర్వాత సంస్కారాలు, నైతిక జీవితం. చివరి ఏడు ఎంపికల్లో శ్రీసభ చరిత్ర, సామాజిక న్యాయం, ఇతర మతాలతో సంబంధాలు లాంటివి. విశ్వాసానికి మార్కులు వేయరు, రాసిన పేపరుకు వేస్తారు. మన పిల్లలకు కష్టమయ్యేది నమ్మకం విషయంలో కాదు, పదజాలం విషయంలో. పక్క బెంచీలో అమ్మాయి ఒకటో తరగతి నుంచి ఈ కథలు వింటూ వచ్చింది. మీ అమ్మాయికి అబ్రహాము, మోషే, నిబంధన, ప్రవక్తలు అన్నీ సెప్టెంబరులోనే కొత్తగా మొదలు. మొదటి క్విజ్‌లో సీ వస్తే అది జీపీఏలోకే పోతుంది. వేసవిలో ఆదికాండం, నిర్గమకాండం, నాలుగు సువార్తల్లో ఏదో ఒకటి కథలా చదివి వెళ్తే ఈ తేడా సగం పూడిపోతుంది.

పూజ (క్యాథలిక్కుల మాస్) నెలకోసారో, పెద్ద పండుగలకో ఉంటుంది. హాజరు తప్పదు, లేచి నిలబడటం, కూర్చోవడం అందరితో పాటు చేస్తే చాలు. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే అప్పం, క్యాథలిక్కులకే. మిగతా పిల్లలు సీట్లోనే ఉండొచ్చు, లేదా వరుసలో వెళ్లి చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుంటే ఫాదర్ ఆశీర్వదించి పంపుతారు. ఈ ముక్క మొదటి పూజకు ముందే పాపకు చెప్పి పంపండి, లేకపోతే అందరితో పాటు చెయ్యి చాచి తికమకపడుతుంది. విభూతి బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకోవడం ఇష్టమైతేనే. మారడం సంగతికొస్తే, క్యాథలిక్కుగా చేరాలంటే పారిష్‌లో నెలల తరబడి తయారీ ఉంటుంది, అది బడి ఆఫీసులో జరిగిపోయే పని కాదు.

అయితే బడి శ్రీసభ బోధన ప్రకారమే మాట్లాడుతుంది. గర్భనిరోధం, గర్భస్రావం, స్వలింగ వివాహం లాంటి విషయాల్లో నైతికత క్లాసులో, హెల్త్ క్లాసులో వినిపించేది ఆ వైఖరే. కొన్ని బడులు సున్నితంగా చర్చకు పెడతాయి, కొన్ని ఖరాఖండిగా చెప్తాయి. శరీరం, ఆరోగ్యం గురించిన ప్రాక్టికల్ సమాచారంలో ఏమైనా ఖాళీ మిగిలితే ఇంట్లో తల్లి కూర్చోబెట్టి చెప్పుకోవాల్సిందే. ఇది నచ్చనివాళ్లు ఓపెన్ హౌస్‌లోనే మొహమాటపడకుండా హెల్త్ సిలబస్ అడగడం మేలు.

ఇక రిట్రీట్, అంటే చదువు పక్కన పెట్టి ప్రార్థనతో, ఆలోచనతో గడిపే రోజులు. తొమ్మిదిలో ఒక్కరోజు, పదకొండు, పన్నెండుకొచ్చేసరికి చాలాచోట్ల మూడు నాలుగు రోజుల కైరోస్ రిట్రీట్. ఫోన్లు తీసేసుకుంటారు, రాత్రుళ్లు అక్కడే. దానికి కొన్ని వారాల ముందు తల్లిదండ్రులకు ఒక ఈమెయిల్ వస్తుంది: అమ్మాయికి తెలియకుండా ఉత్తరం రాసి పంపండి అని. మన ఇళ్లలో కూతురికి ఉత్తరం రాసే అలవాటు లేదు. ఆఫీసు పనిలో పడి రెండు వాక్యాలు టైపు చేసి పంపేవాళ్లూ, ఆ ఈమెయిల్ స్పామ్‌లోకి పోయి అసలే పంపనివాళ్లూ ఉంటారు. అక్కడ పిల్లలందరికీ ఒకేసారి కవర్లు పంచుతారు. పక్కనున్న అమ్మాయి మూడు పేజీలు చదువుకుంటూ ఏడుస్తుంటే మీ అమ్మాయి చేతిలో ఖాళీ కవరు ఉండకూడదు. అమ్మమ్మ, తాతయ్యల చేత తెలుగులో నాలుగు ముక్కలు రాయించి, పాపకు లిపి రాకపోతే వాళ్ల గొంతులో చెప్పిందే ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టి పంపినా సరిపోతుంది. శాకాహారం సంగతి మాత్రం రిట్రీట్ ఫారంలో రాయడం మరవకండి. బడి క్యాంటీన్‌లో తపస్సు కాలపు (ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్) శుక్రవారాలు మాంసం ఉండదు, ఆ ఆరేడు వారాలు మన శాకాహారి పిల్లలదే రాజ్యం.

సేవా గంటలు నాలుగేళ్లకు 80, 100 అని ఒక్కో బడి ఒక్కో లెక్క పెడుతుంది. గుడిలో చిన్నపిల్లలకు తెలుగు నేర్పితే లెక్కేస్తారా అన్నది ముందే అడిగి అనుమతి తీసుకోవాలి. చేసేశాక కాగితం పట్టుకెళ్తే తిప్పి పంపే అవకాశముంది. చాలా బడులు ఏడాదికింత అని గడువు పెడతాయి, మిగిలినవి చివర్లో ఒక్కసారే చేద్దామంటే కాలేజీ దరఖాస్తుల రోజుల్లో మెడకు చుట్టుకుంటాయి.

ప్రవేశ పరీక్ష

ఎక్కువ బడులు పెట్టేది హెచ్‌ఎస్‌పీటీ. ఐదు భాగాలు, 298 ప్రశ్నలు: వెర్బల్ 60 ప్రశ్నలు 16 నిమిషాల్లో, క్వాంటిటేటివ్ 52 ప్రశ్నలు 30 నిమిషాల్లో, రీడింగ్ 62 ప్రశ్నలు 25 నిమిషాల్లో, లెక్కలు 64 ప్రశ్నలు 45 నిమిషాల్లో, లాంగ్వేజ్ 60 ప్రశ్నలు 25 నిమిషాల్లో. క్యాలిక్యులేటర్ ఉండదు, తప్పు జవాబుకు మార్కులు కోయరు. వెర్బల్లో ఒక్కో ప్రశ్నకు వచ్చేది 16 సెకన్లు. బాగా చదివే పిల్లలు దెబ్బతినేది ఇందుకే, ఆలోచించి రాసే అలవాటే ఇక్కడ అడ్డం. లత కంటే రమ పొడుగు, రమ కంటే సీత పొడుగు, లత కంటే సీత పొడుగు అన్న మూడో మాట నిజమా, అబద్ధమా, చెప్పలేమా అన్న తరహా ప్రశ్నలు ఉంటాయి, అవి సాధన చేస్తే పది సెకన్లలో అయిపోతాయి. చివరి 30 సెకన్లలో మిగిలిన గళ్లన్నీ నింపేయడం నేర్పాలి. ఆరు వారాల ముందు నుంచి గడియారం పెట్టుకుని పూర్తి పేపర్లు నాలుగైదు చేస్తే చాలు, వేల డాలర్ల కోచింగ్ అవసరం లేదు. రెండు బడులకు దరఖాస్తు పెట్టేవాళ్లు రెండుసార్లు రాయకూడదు. ఒక బడిలో రాసి స్కోరు మరో బడికి పంపించాలి. రెండుసార్లు రాసినట్టు తెలిస్తే తక్కువ స్కోరే చూసే బడులున్నాయి.

న్యూయార్క్ ప్రాంతంలో దీని బదులు టాక్స్ అనే పరీక్ష నవంబరులో ఉంటుంది, దరఖాస్తులోనే మూడు బడులు వరుసక్రమంలో ఎంచుకోవాలి. ఖరీదైన సభల బడులు కొన్ని ఐఎస్‌ఈఈ అనే పరీక్ష అడుగుతాయి. మిగతా చోట్ల క్యాలెండరు దాదాపు ఒకటే: అక్టోబరు-నవంబరుల్లో ఓపెన్ హౌస్, ఒకరోజు అక్కడి అమ్మాయి వెంట క్లాసుల్లో తిరిగే షాడో డే, డిసెంబరు-జనవరుల్లో పరీక్ష, దరఖాస్తు, మార్చి నాటికి జవాబు. హెచ్-4 మీద ఉన్న పిల్లలు ఏ ఐ-20 (విద్యార్థి వీసా కోసం బడి ఇచ్చే పత్రం) లేకుండా చేరొచ్చు.

డబ్బు

డయోసీస్ బడిలో ఏడాది ఫీజు చౌక ప్రాంతాల్లో 10,000 డాలర్ల చుట్టుపక్కల మొదలవుతుంది. కాలిఫోర్నియా బే ఏరియా లాంటి చోట్ల 25,000 దాటుతుంది, పెద్ద సభల బడులు కొన్ని 40,000కూ పైకి పోతాయి. వెబ్‌సైటులో రాసిన అంకె మీద రిజిస్ట్రేషన్, పుస్తకాలు, ల్యాప్‌టాప్, యూనిఫాం, ఏపీ పరీక్షల ఫీజు, రిట్రీట్, స్పోర్ట్స్, పన్నెండులో గ్రాడ్యుయేషన్ ఫీజు కలిపి మరో పది శాతం వేసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. తల్లిదండ్రులు ఏడాదికి ఇన్ని గంటలు వాలంటీర్ చేయాలి, చేయకపోతే గంటకింత కట్టాలి అన్న నిబంధన, గాలా వేలంపాటకు టికెట్లు అమ్మాలన్న నిబంధన కూడా చదువుకోండి. ఫండ్ రైజింగ్ పేరుతో వచ్చే ఫోను మాత్రం నిర్బంధం కాదు, మొహమాటపడి ఒప్పుకోకండి.

సాయం అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు. చాలా బడులు ఫ్యాక్ట్స్ అనే సంస్థ ద్వారా ట్యాక్స్ రిటర్నులు, డబ్ల్యూ-2లు చూసి లెక్కకడతాయి. ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే: సీటు వచ్చాక చూద్దాంలే అనుకోవడం. సాయం గడువు తరచూ జనవరి, ఫిబ్రవరిలోనే ముగుస్తుంది, సీటు జవాబు మార్చిలో వస్తుంది. అప్పటికి డబ్బంతా పంచేసి ఉంటారు. ఇండియాలో అమ్మానాన్నలకు పంపే డబ్బు, ఉద్యోగం పోయిన నెలలు లాంటివి వివరణ లేఖలో మీరే రాయాలి.

529 ఖాతా (చదువు కోసం దాచుకునే ఖాతా) నుంచి స్కూల్ ఫీజుకు ఫెడరల్ పన్ను లేకుండా తీసుకోవచ్చు. 2025 దాకా ఏడాదికి 10,000 డాలర్లు, 2026 నుంచి ఆ పరిమితి 20,000. కాని కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు స్కూల్ ఫీజును ఒప్పుకోవు, రాష్ట్ర పన్ను, దానిపై జరిమానా పడతాయి. అరిజోనా 2022లో, ఫ్లోరిడా 2023లో ప్రైవేటు చదువుకు రాష్ట్ర సాయాన్ని ఆదాయంతో సంబంధం లేకుండా అందరికీ తెరిచాయి. టెక్సస్‌లో 2025లో చట్టం వచ్చింది, 2026-27 విద్యా సంవత్సరం నుంచి అమలు. పౌరసత్వం గాని, చట్టబద్ధంగా దేశంలోకి వచ్చినట్టు గాని చూపాలి, దరఖాస్తులు నిధుల్ని మించితే ప్రాధాన్య క్రమం ఉంటుంది.

అన్నింటికన్నా ఖరీదైన పేజీ ఎన్‌రోల్‌మెంట్ కాంట్రాక్టు. డిపాజిట్ తిరిగి రాదు, అది అందరికీ తెలుసు. తెలియనిది దాని కింద పేరా: ఫలానా తేదీ తర్వాత, మామూలుగా మే చివరో జూన్ మొదటివారమో, పిల్లను మాన్పించినా ఏడాది ఫీజంతా బాకీయే. జూలైలో వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చినా, లేఆఫ్ అయి వీసా గడువు ముంచుకొచ్చినా అదే నిబంధన. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఊరు మారాల్సివస్తే మాఫీ ఇస్తారా అని సంతకానికి ముందే అడిగి, ఆ వాక్యం కాంట్రాక్టులో చేర్పించుకోవాలి. కుదరదంటే ట్యూషన్ రిఫండ్ ఇన్సూరెన్స్ ఉందా చూడండి. అందులోనూ ఏ కారణాలకు వర్తిస్తుందో చదవాలి, చాలా పాలసీలు జబ్బుకు ఇస్తాయి, ఉద్యోగం మారినందుకు ఇవ్వవు.

బస్సు, యూనిఫాం, ప్రత్యేక అవసరాలు

పసుపు బస్సు ఇంటి ముందుకు రాదనుకోవాలి. కాని న్యూయార్క్‌లో ఇంటి నుంచి 15 మైళ్ల లోపు ప్రైవేటు బడికి మీ స్కూల్ డిస్ట్రిక్టే రవాణా ఇవ్వాలి, అడగాల్సిన గడువు అంతకుముందు ఏప్రిల్ 1. పెన్సిల్వేనియాలో బస్సులు నడిపే డిస్ట్రిక్ట్ తన సరిహద్దు దాటి 10 మైళ్ల దాకా తీసుకెళ్లాలి. న్యూజెర్సీలో 20 మైళ్ల లోపు అర్హత ఉంటే బస్సో, లేదా బదులుగా కొంత డబ్బో ఇస్తారు. ఇవేవీ లేని రాష్ట్రాల్లో కార్‌పూల్ దొరక్కపోతే రోజుకు ఒకరి ఉద్యోగంలో గంటన్నర కోత.

యూనిఫాం స్కర్ట్‌కు, బ్లేజర్‌కు వేసవిలో తల్లుల సంఘం పెట్టే పాత బట్టల అమ్మకం చూడండి, సగం ధరకు దొరుకుతాయి. ముక్కుపుడక గురించి ముందే అడగాలి. ముఖం మీద చెవులకు తప్ప ఏ కుట్టూ ఉండకూడదన్న నియమం చాలా హ్యాండ్‌బుక్కుల్లో ఉంది. పెళ్లికి పెట్టుకున్న గోరింటాకును శరీరం మీద రాతగా లెక్కేసి హెచ్చరిక ఇచ్చే చోట్లూ ఉన్నాయి. పెళ్లికి వారం ముందు డీన్‌కు ఒక ఈమెయిల్ పెడితే ఇబ్బంది రాదు, ఆచారమని చెబితే దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పబ్లిక్ స్కూలు రాసిచ్చే ప్రణాళిక) ఉన్న అమ్మాయి విషయంలో బాగా ఆలోచించాలి. తల్లిదండ్రులు తమంతట తాము ప్రైవేటు బడికి మార్చిన పిల్లలకు పబ్లిక్ స్కూల్లో ఉండే చట్టపరమైన హక్కు అలాగే కొనసాగదు. డిస్ట్రిక్ట్ ఇచ్చేది పరిమితమైన సర్వీస్ ప్లాన్. పరీక్షలో అదనపు సమయం, ముందు బెంచీ లాంటివి ఇస్తారు. స్పీచ్ థెరపీ, ప్రత్యేక టీచర్ లాంటివి మీ ఖర్చే కావచ్చు.

అమ్మాయిలు మాత్రమే అన్నది ఎంత పనిచేస్తుంది

అమ్మాయిల బడిలో చదివితే లెక్కల్లో పైకొస్తారన్న ప్రచారాన్ని బ్రోచర్లో చదివి నమ్మేయకండి. 2014లో సైకలాజికల్ బులెటిన్‌లో 184 అధ్యయనాలను కలిపి చూస్తే, పిల్లల ఎంపిక తేడాలను లెక్కలోకి తీసుకున్న మంచి అధ్యయనాల్లో మార్కుల పరంగా చెప్పుకోదగ్గ లాభం తేలలేదు. కనిపించే లాభం వేరు. రోబోటిక్స్ టీములో స్క్రూడ్రైవర్ పట్టుకునేదీ అమ్మాయే, కోడ్ రాసేదీ అమ్మాయే, విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలూ అమ్మాయే. పోస్టరు రాయడానికి పక్కకు తోసే అవకాశమే ఉండదు. నలుగురిలో నోరు విప్పని పిల్లకు ఇది మంచి చోటు. స్నేహాల మధ్య వచ్చే పొరపొచ్చాలు మాత్రం తక్కువేం కాదు. ఒక్కో తరగతిలో నూరు, నూటయాభై మందే ఉంటే, ఒక గుంపులో చెడిన పిల్లకు ఇంకో గుంపు వెతుక్కోవడం రెండు వేల మంది ఉన్న పబ్లిక్ స్కూల్లో కన్నా కష్టం. డాన్సులు, నాటకాలు పక్కనున్న అబ్బాయిల క్యాథలిక్ బడితో కలిపే జరుగుతాయి.

కాలేజీ కౌన్సెలింగ్‌లో ఈ బడులు నిజంగా మెరుగు. కౌన్సిలర్ల సంఘం సిఫార్సు చేసేదే ఒకరికి 250 మంది, పబ్లిక్ స్కూళ్లలో అది దాటిపోతుంది. ఇక్కడ ఒక కౌన్సిలర్ చేతిలో పన్నెండో తరగతి వాళ్లు ఎంతమందని అడగండి. యాభై చుట్టుపక్కల ఉంటే మీ అమ్మాయి సిఫార్సు లేఖలో ఆమె పేరు తప్ప ఇంకేమైనా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) ఒప్పుకునే కోర్సుల ఏ-జీ జాబితాలో ఆ బడి పేరు కొట్టి చూడాలి. థియాలజీ కోర్సుల్లో చాలావరకు అందులో ఉండవు, కాబట్టి వాటిలో వచ్చిన 'ఏ' గ్రేడులు యూసీ జీపీఏకు పనికిరావు. టెక్సస్‌లో యూటీ ఆస్టిన్‌కు 2026 ఫాల్ నుంచి ఆటోమేటిక్ ప్రవేశం తరగతిలో పై 5 శాతానికే. చదువుకునే పిల్లలే ఏరుకుని చేరిన 200 మంది తరగతిలో అది పది మంది. బడి ర్యాంకే ఇవ్వకపోతే ఆ దారి మూసుకుపోయి, మామూలు దరఖాస్తుగా చూస్తారు. ఇంజినీరింగ్ కోసం యూటీ మీదే ఆశ పెట్టుకున్న ఇంటికి ఈ ఒక్క కారణం చాలు, జోన్‌లో ఉన్న పబ్లిక్ స్కూల్‌తో పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి.

మధ్యలో బయటికి రావాల్సి వస్తే పదో తరగతి మొదలయ్యేలోపే రావడం నయం. థియాలజీ క్రెడిట్లను పబ్లిక్ స్కూళ్లు చాలాచోట్ల ఎలక్టివ్‌గా మాత్రమే తీసుకుంటాయి, కొన్ని అసలే తీసుకోవు. రాష్ట్రం అడిగే హెల్త్, స్పీచ్ లాంటివి మిగిలిపోయి ఉంటాయి. స్కూల్ టీములో ఆడే అమ్మాయికి చాలా రాష్ట్రాల్లో బడి మారితే ఏడాది దాకా వర్సిటీ (బడి ప్రధాన జట్టు) ఆటకు అర్హత ఉండదు, ఇల్లు కూడా మారితే తప్ప. బాకీ ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ ఆపే నిబంధన కాంట్రాక్టులో ఉండొచ్చు. మానే లేఖ ఇచ్చే రోజునే అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ కాపీ రెండు, కోర్సుల సిలబస్‌లు పీడీఎఫ్‌లో తీసి పెట్టుకోండి. కొత్త బడి కౌన్సిలర్ మొదటి మీటింగులో అడిగేది అవే.